ఆలస్యానికి కారణం

సెప్టెంబర్ 2, సోమవారం

డిపోలో పాత ఆలస్యాల రిజిస్టర్లు చెత్తలో పడేస్తుంటే ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. సగానికి పైగా ఖాళీయే. గళ్ళు మూడు: సమయం, సర్వీసు నంబరు, ఆలస్యానికి కారణం. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇలాంటి పుస్తకాల్లో డ్రైవర్లు చెప్పిన కారణాలే రాశాను. టైరు, గేటు, రద్దీ. నా సొంత సంగతి ఒక్క ముక్క రాసుకోలేదు. ఇంకో పది నెలల్లో రిటైరై ఇంటికెళ్ళిపోయే మనిషికి ఇప్పుడెందుకీ బుద్ధి పుట్టిందంటే, మా మనవరాలు మిరియాన్ని చూసి.

మిరియం స్కూల్లో పిల్లల ఊపిరి మీద పరిశోధన మొదలుపెట్టారు. నాలుగు వందల మంది పిల్లలట, ఆయాసం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ. మిరియం ఉన్నవాళ్ళ జట్టు, మందు పంపు ఎప్పుడూ బ్యాగులోనే. ఒక్కొక్కరికీ సబ్బుపెట్టెంత యంత్రం ఇచ్చారు. బ్యాగుకి తగిలించుకుని ఎక్కడికెళ్తే అక్కడికి తీసుకెళ్ళాలి. గాలిలో పొగ, దుమ్ము ఎంతున్నాయో అదే లోపల రాసుకుంటుంది. పొద్దునా సాయంత్రం ఒక గొట్టంలో గట్టిగా ఊది, ముల్లు ఎంత దూరం వెళ్ళిందో పుస్తకంలో వెయ్యాలి. ఇప్పుడొకసారి, నెల తిరిగాక ఒకసారి, ఆఖర్న ఒకసారి రక్తం తీస్తారు.

మా అమ్మాయి కాగితాలన్నీ రెండేసి సార్లు చదివి సంతకం పెట్టింది. మిరియానికి సూదంటే లెక్కలేదు, పుస్తకమంటే మాత్రం మహా సంబరం. ఎనిమిదేళ్ళ పిల్ల, అందులోనూ నా మనవరాలు, గళ్ళున్న పుస్తకం చేతికొస్తే ఊరుకుంటుందా? స్కేలు పెట్టి పక్కన ఇంకో గడి తనే గీసుకుంది. ఏం రాస్తావే అని తొంగిచూస్తే మూసేసింది.

"ఇది నీ రిజిస్టరు కాదు తాతయ్యా. నా డ్యూటీ."

సెప్టెంబర్ 3, మంగళవారం

ఊదిన నంబరు 215. బాగానే ఉందట.

సాయంత్రం నాలుగూ పదికి మిరియం మామూలుగానే డిపోకి వచ్చింది. స్కూలు ముందు ఆగే బస్సు డ్రైవరు మీసాలాయన దాన్ని చెయ్యి పట్టి దింపి, "గడియారం గారూ, మీ పార్శిలు" అని అప్పజెప్పి వెళ్ళాడు. డిపోలో నా అసలు పేరు ఎవడికీ గుర్తులేదు. గడియారమే.

మా అమ్మాయి కళ్ళద్దాల షాపులోంచి వచ్చేసరికి ఆరవుతుంది. దాని మొగుడి సంగతి ఈ పుస్తకంలో కూడా రాయను. అందుకని స్కూలు వదిలాక అయిదున్నర దాకా మిరియం నా గదిలోనే. గది అంటే గది కాదు, బయటికెళ్ళే గేటు పక్కన అద్దాల డబ్బా. వెళ్ళే ప్రతి బస్సూ నా కిటికీ ముందు ఆగి, చీటీ మీద టైము వేయించుకుని కదలాలి. నాలుగూ పాతిక నుంచి అయిదు దాకా ఊపిరాడనివ్వరు. మిరియం స్టూలు మీద కూర్చుని లెక్కలు చేసుకుంటుంది, మధ్యలో నాకు సర్వీసు నంబర్లు అందిస్తుంది, నేను మైకులో చెబుతాను. పొరపాటు పలికితే డొక్కలో పొడుస్తుంది.

రోజు మొత్తంలో నేను మనిషిలా ఉండేది ఆ గంటే.

సెప్టెంబర్ 4, బుధవారం

ఆ పెట్టెకి చిన్న దీపం ఉంది. ఇంట్లో పచ్చగా ఉంటుంది. స్కూల్లోనూ పచ్చేనట. నా గదిలోకి రాగానే పసుపు అయింది. నాలుగూ పాతిక బళ్ళు వరసగా స్టార్టయ్యాక ఎర్రగా అయి, అయిదు దాటేదాకా అలాగే ఉంది.

వాళ్ళిచ్చిన కాగితం తీసి చదివాను. యంత్రానికి కుదుపులు తగలకూడదని స్పష్టంగా ఉంది. నా గది అద్దాలు ఎప్పుడూ గడగడలాడుతూనే ఉంటాయి. పాడైతే ఎవరిది పూచీ?

సెప్టెంబర్ 5, గురువారం

మిరియం రాగానే పెట్టెని లోపలి ఆఫీసులో ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాను. వెళ్ళేటప్పుడు తీసి ఇచ్చాను. పచ్చగానే ఉంది. దానికి కుదుపు తగలకూడదని మిరియానికి చెప్పాను. సరే అంది.

సెప్టెంబర్ 9, సోమవారం

205. మిరియం ఇంట్లో పడుకుంటే ఛాతీలోంచి సన్నగా ఈల వినపడుతుంది. మా అమ్మాయి ఆ ఈల కోసం చెవి అక్కడే పెట్టుకుని ఉంటుంది. నేనొకటి గమనించాను. డిపోలో ఉన్నప్పుడు ఆ ఈల ఎప్పుడూ వినపడదు. అంటే అక్కడ దానికి హాయిగానే ఉందన్నమాట. ఈ మాట మా అమ్మాయితో కూడా అన్నాను. "అవునా నాన్నా?" అని ఎంత సంతోషపడిందో.

సెప్టెంబర్ 13, శుక్రవారం

190. బీరువా తాళం ఒక్క నిమిషం దొరకలేదు, కంగారుపడ్డాను. జేబులోనే ఉంది.

సెప్టెంబర్ 20, శుక్రవారం

రెండు రోజులు స్కూలు మానేసింది. 160. మంచం మీద మూడు దిళ్ళు వేసుకుని మహారాణిలా కూర్చుంది. పిల్లి దాని కాళ్ళ దగ్గర. ఆ పిల్లికి చెకింగు సారని పేరు పెట్టింది మిరియమే. చెప్పా పెట్టకుండా ఏ గదిలోకైనా వస్తుంది, అందరి మొహాలూ అనుమానంగా చూస్తుంది, ఏమీ తీసుకోకుండా వెళ్ళిపోతుంది.

డిపోకి రాకపోయినా నాలుగూ పదికి నా తల దానంతట అదే గేటు వైపు తిరిగింది. రెండు రోజులూ. మీసాలాయన చూసి, "పార్శిలు రేపొస్తుంది లెండి" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

అక్టోబర్ 1, మంగళవారం

ఇది వివరంగా రాయాలి.

రెండోసారి రక్తం తీశారు కదా, రిపోర్టు వచ్చింది. పరిశోధన డాక్టరమ్మ మమ్మల్ని పిలిచింది. చిన్న వయసే, నిదానంగా మాట్లాడుతుంది, ఎదుటి మనిషికి అర్థమైందో లేదో చూసుకుని గాని ముందుకు వెళ్ళదు.

"మన రక్తంలో కొన్ని కణాలు కాపలా కాస్తుంటాయి సర్. ఒంటికి సరిపడనిది లోపలికొస్తే అవి పెరుగుతాయి. కొంతమంది పిల్లల్లో చిన్నదానికీ పెద్ద గొడవ చేస్తాయి, దాంతో ఊపిరి గొట్టాలు వాచి దారి ఇరుకైపోతుంది. మీ పాపకి నెలలో ఆ కణాలు బాగా పెరిగాయి. అలెర్జీ చూపించే ఇంకో పరీక్ష కూడా ఎక్కువే వచ్చింది."

"పొగ వల్లా?" అంది మా అమ్మాయి.

డాక్టరమ్మ కంప్యూటరు మా వైపు తిప్పింది. పచ్చ గీత. మొదట్లో ఒకటి రెండు గుట్టలు తప్ప నెల పొడుగునా ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంది.

"అదే నాకూ వింతగా ఉంది. ఈ పాప పీల్చే గాలి నాలుగు వందల మందిలోకీ శుభ్రమైన వాటిలో ఒకటి. కాబట్టి గాలి కాదు, ఇంట్లో ఇంకేదో అనుకోవాలి. పెంపుడు జంతువులున్నాయా?"

చెకింగు సారు పేరు చెప్పింది మా అమ్మాయి. పిల్లికి సంబంధించిన పరీక్షలో కాస్త కనపడిందట, తేల్చి చెప్పలేమట. అయినా కొన్నాళ్ళు పిల్లిని వేరే చోట ఉంచి చూడమంది.

నేను నోరు తెరవబోయాను. ఏం చెప్పాలి? కుదుపు తగలకూడదని మీ కాగితంలోనే ఉంది కదా అనా? పిల్లే అయ్యుండొచ్చు. ఆవిడ చదువుకున్న మనిషి, నేను చీటీల మీద టైము వేసేవాణ్ణి. పిల్లి వెంట్రుకలు ఇంటి నిండా ఉన్నమాట నిజమే కదా.

అక్టోబర్ 2, బుధవారం

షాపులో అద్దాలు అరగదీసే ఆవిడ పిల్లిని తీసుకెళ్ళడానికి ఒప్పుకుంది. మా అమ్మాయి బుట్టలో పాత చీర పరిచి తనే ఎత్తి పెట్టింది. మిరియం ఏడవలేదు. బుట్ట పట్టుకుని వీధి చివరిదాకా నడిచి, తిరిగొచ్చి పుస్తకంలో ఏదో రాసుకుంది.

అక్టోబర్ 4, శుక్రవారం

185. చూశావా, పెరిగింది. పిల్లే.

అక్టోబర్ 9, బుధవారం

165.

అక్టోబర్ 11, శుక్రవారం

పిల్లి వెంట్రుకలు పోవడానికి నెలలు పడుతుందట. ఇవాళ పరుపులు రెండూ ఎండేశాను, కర్టెన్లు ఉతికాను, సోఫా కుషన్లు కర్రతో దులిపాను. మా అమ్మాయి పొద్దున షాపుకి వెళ్తూ చూసి, "నువ్వు ఎంత కష్టపడుతున్నావు నాన్నా" అని నా భుజం మీద తల ఆనించింది. ఆ తల బరువు సాయంత్రందాకా అక్కడే ఉన్నట్టనిపించింది.

మిరియం మంచం కింద పిల్లి గిన్నె ఉంది. నీళ్ళు పోసి ఉన్నాయి. ఎవరు పోస్తున్నారో అడగలేదు.

అక్టోబర్ 15, మంగళవారం

ఒక డ్రైవరు ఇరవై నిమిషాలు లేటు. రద్దీ అన్నాడు. నిజం చెప్పు అన్నాను. నీళ్ళు నమిలాడు. నలుగురిలో నిలబెట్టి, "నా పుస్తకంలో ఇంతవరకూ ఒక్క అబద్ధం లేదు, నీ ఒక్కడి కోసం రాయమంటావా?" అని కేకలేశాను. తిరిగి చూస్తే మిరియం స్టూలు మీద కూర్చుని నా వైపే చూస్తోంది. చూపు తిప్పుకుంది.

అక్టోబర్ 17, గురువారం

గళ్ళు దాటి రాస్తున్నాను.

నాలుగున్నరకి లోపల్నుంచి ఫోను. డీజిలు పంపు దగ్గర గొట్టం కారుతోంది, వెంటనే అన్ని బళ్ళూ ఆపించమని. మైకు తీసి, "అందరు డ్రైవర్లకూ మనవి. ఉన్నచోటే ఇంజన్లు ఆపెయ్యండి" అని మూడుసార్లు చెప్పాను. నా కిటికీ ముందున్న బండి ఆగింది. దాని వెనకది ఆగింది. ఒక్కొక్కటే, పదహారు బళ్ళూ ఆగిపోయాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో డిపో అంత నిశ్శబ్దంగా ఉండగా నేను వినలేదు. నా గది అద్దాలు కూడా ఊరుకున్నాయి.

అప్పుడు స్పీకర్లలోంచి ఈల వచ్చింది. సన్నగా, సాగదీస్తూ, మళ్ళీ మళ్ళీ. గేటు మీద స్పీకర్లో, షెడ్డులో, క్యాంటీను దగ్గర, అన్నిట్లోనూ. స్పీకరు పాడైందనుకున్నాను. మైకుని అరచేత్తో తట్టాను. ఈల ఆగలేదు. వైరు లాగి చూశాను. దిగిపోయిన డ్రైవర్లందరూ తలలెత్తి స్పీకర్ల వైపు చూస్తున్నారు.

మిరియం నా చొక్కా పట్టుకుని లాగింది.

"అది స్పీకరు కాదు తాతయ్యా. నేనే."

మైకు కట్టెయ్యలేదు నేను. మిరియం ఆ మైకు పక్కనే స్టూలు మీద ఉంది.

కట్టేశాను. కట్టేసినా వినపడుతూనే ఉంది, ఇప్పుడు దాని ఛాతీలోంచే. మెడ దగ్గర గుంట ప్రతి ఊపిరికీ లోపలికి పోతోంది.

"ఎప్పట్నుంచే ఇలా?"

"ఇక్కడికొస్తే..." ఊపిరి తీసుకుంది. "ఇక్కడికొస్తే వస్తుంది. బళ్ళ చప్పుడుకి... నీకు వినపడదుగా."

బ్యాగులోంచి మందు పంపు తీసి నోటికి పెట్టాను. నా చేతిలోంచి లాక్కుని తనే పీల్చుకుంది. మీసాలాయన పరుగెత్తుకొచ్చాడు. "ఆ గదిలో ఏంటి సార్ ఇంకా, ముందు పిల్లని గేటు దాటించండి" అని దాన్ని భుజాన వేసుకుని వీధి అవతలికి వెళ్ళిపోయాడు. నేను వెనకాల పరుగెత్తాను. అక్కడి నుంచి ఆస్పత్రికి. గంటలో తేరుకుంది. మా అమ్మాయి వచ్చేసరికి మంచం మీద కూర్చుని నర్సుకి సర్వీసు నంబర్లు చెబుతోంది.

లీకు బాగయ్యేదాకా పదహారు బళ్ళూ ఆగిపోయాయి. రిజిస్టరులో వేరే వాళ్ళు రాసి ఉంటారు కారణం. నేను అక్కడ లేను.

అక్టోబర్ 18, శుక్రవారం

పొద్దున మిరియం నిద్ర లేవకముందే మా అమ్మాయికి చెప్పాను. వంటింట్లో నిలబడి ఉంది. బీరువా, తాళం, ఎర్ర దీపం, అన్నీ చెప్పాను. కుదుపు మాట చెప్పబోయి మింగేశాను.

స్టవ్ కట్టేసింది.

"పిల్లిని నా చేతులతో బుట్టలో పెట్టాను నాన్నా."

"అవునమ్మా."

"ఊరికే కాదు. నువ్వు చూస్తుండగా పెట్టాను. నువ్వు బుట్టకి తాడు కట్టిచ్చావు."

తాడు సంగతి నేను ఇక్కడ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. రెండు ముళ్ళు వేశాను, గట్టిగా.

"ఎందుకు చేశావు? పొగ అని తెలిస్తే ఏమవుతుందనుకున్నావు?"

"మిరియాన్ని డిపోకి పంపవు."

"పంపను," అంది. అని, కూర్చుని, ఏడ్చింది. దగ్గరికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

అక్టోబర్ 19, శనివారం

డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. మా అమ్మాయి నాతో మాట్లాడటం లేదు, కానీ ఆటోలో నా పక్కనే కూర్చుంది.

చెప్పాను. ఈసారి అంతా వరసగా, తేదీలతో. కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి కాసేపు బల్ల మీద పెట్టుకుంది.

"సర్, ఒక్క పాపని చూసి మేం ఏదీ తేల్చలేం. అందుకే నాలుగు వందల మంది. ఎక్కువ పొగ పీల్చే పిల్లల రక్తంలో ఆ కణాలు ఎక్కువున్నాయా లేదా అన్నదే మా ప్రశ్న. మీ పెట్టె ఏం చెప్పిందంటే, గాలి శుభ్రంగా ఉన్నా ఈ పాపకి పెరిగాయని. ఆ ముక్క మిగతా పిల్లలందరి లెక్కలోనూ కలిసిపోయింది."

అంతవరకూ నా ఇంటి సంగతే అనుకుంటున్నాను. ఆవిడ కాగితం తీసుకుంది. "పోనీ ఏ రోజు ఎన్నింటికి బీరువాలో పెట్టారో, ఎన్నింటికి తీశారో గుర్తుందా? ఆ గంటలు తీసేస్తే మిగతావి పనికొస్తాయి."

ముప్ఫై ఒక్క ఏళ్ళు నిమిషాలు రాసినవాణ్ణి. ఆ నిమిషాలు మాత్రం ఎక్కడా రాయలేదు.

"నా పుస్తకంలో ఉన్నాయి," అంది మిరియం.

మిరియం బ్యాగులోంచి తీసిచ్చిన పుస్తకం డాక్టరమ్మ అందుకుంది. ఊదిన నంబర్లే వాళ్ళు ఇప్పటిదాకా కంప్యూటర్లో ఎక్కించుకున్నారట, పిల్లలు పక్కన రాసే రాతలు ఆఖర్న చూద్దామనుకున్నారట. పేజీలు తిప్పింది. ఆగింది. తిప్పింది. పుస్తకం నా వైపు జరిపింది.

మిరియం గీసుకున్న గడి. పైన గుండ్రటి అక్షరాలతో "కారణం" అని ఉంది.

సెప్టెంబర్ 5. పెట్టె బీరువాలోకి 4-12. బయటికి 5-28. కారణం: కుదుపు తగలకూడదు.

సెప్టెంబర్ 6. లోపలికి 4-11. బయటికి 5-30. కారణం: అదే.

అదే. అదే. అదే. డిపోకి వచ్చిన ప్రతి రోజూ, ఒక్కటి తప్పకుండా. నేను నేర్పినట్టే గంటకీ నిమిషానికీ మధ్య గీత పెట్టింది. అక్టోబర్ 2 గాంధీ జయంతి సెలవు, సమయాలు లేవు, కింద "చెకింగు సారు వెళ్ళిపోయాడు" అని ఉంది. ఆ మర్నాటి నుంచి "అదే" లేదు.

అక్టోబర్ 3. లోపలికి 4-10. బయటికి 5-29. కారణం: నన్ను రానివ్వరని తాతయ్యకి భయం.

అక్షరాలు అలుక్కుపోయాయి. ఆవిడ ముందే ఏడ్చాను, ముసలాణ్ణని సిగ్గు కూడా లేకుండా. మిరియం కుర్చీ దిగి వచ్చి నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"నాకూ భయమే తాతయ్యా. అందుకే చెప్పలేదు. రాశాను అంతే."

మా అమ్మాయి తన చేతిరుమాలు నాకిచ్చింది. రెండు రోజుల్లో అదే మొదటి పలకరింపు.

అక్టోబర్ 21, సోమవారం

మొదటి షిఫ్టు కావాలని అర్జీ పెట్టాను. అది మూడింటికే అయిపోతుంది, ఆ షిఫ్టులో నా పని లోపలి ఆఫీసులో, మైకు ఉండదు. మీసాలాయన చదివి, "గడియారం గారూ, మీ గొంతు లేకపోతే బళ్ళు కదుల్తాయా?" అన్నాడు. కదుల్తాయి. ఒక మాట అడిగాను అతన్ని, గేటు దగ్గర లైన్లో ఉన్నంతసేపూ ఇంజను ఆపమని. "అందరికీ చెబుతాను" అన్నాడు. నాలుగు బళ్ళు ఆపుతున్నాయి ఇప్పటికి. వీధి అవతల కూడా పిల్లలు ఉన్నారు. ఇన్నేళ్ళూ నా కంటికి ఆనలేదు.

అక్టోబర్ 27, ఆదివారం

చెకింగు సారు వచ్చాడు. పడకగదిలోకి రానివ్వకూడదని డాక్టరమ్మ షరతు. వచ్చీ రాగానే నా మొహం అనుమానంగా చూసి, మా ఇంట్లో బీరువా పక్కకి వెళ్ళి కూర్చుంది పిల్లి. దానికీ తెలుసు కాబోలు.

నవంబర్ 18, సోమవారం

200.

డిసెంబర్ 2, సోమవారం

ఆఖరి రక్తం రిపోర్టు. కాపలా కణాలు కొంత తగ్గాయి. పొగ తగ్గినందుకా, ఆస్పత్రిలో ఇచ్చిన కొత్త మందుకా అంటే, "రెండూ కావచ్చు సర్, ఒక్కరిని చూసి చెప్పను" అంది డాక్టరమ్మ. ఆవిడ అంటే నాకు గౌరవం పెరిగింది. తెలియనిది తెలియదని రాసే మనిషి.

డిసెంబర్ 5, గురువారం

ఇప్పుడు నాలుగింటికి స్కూలు గేటు దగ్గర నేనే ఉంటాను. సందుల్లోంచి నడిచి లైబ్రరీ వెనక తోటకి వెళ్తాం. బెంచీ మీద అయిదున్నర దాకా కూర్చుంటాం. దీపం పచ్చగానే ఉంటుంది. పెట్టె తిరిగిచ్చే రోజు దగ్గరపడుతోంది, మిరియానికి బెంగగా ఉంది.

ఇవాళ ఆరు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను. గేటు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఆలస్యానికి కారణం?"

"రద్దీ."

నేను డ్రైవర్లని ఎలా చూసేవాణ్ణో అచ్చం అలా చూసింది.

"డిపో ముందు ఆగిపోయానే," అన్నాను. "కొత్తాయన మైకులో ఎలా పలుకుతున్నాడో విందామని."

"బాగా పలుకుతున్నాడా?"

"నాకంటే బాగా."

అది పుస్తకం తీసి, బ్యాగు మీద పెట్టుకుని, అక్కడే నిలబడి రాసుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

తోటలో ఇవాళ ఎవరూ లేరు. లెక్కలు చేసుకుంటూ నా మీదికి ఒరిగి నిద్రపోయింది. నేను వంగి, దాని ఛాతీకి దగ్గరగా చెవి పెట్టాను. చుట్టూ చడీచప్పుడూ లేదు. చాలాసేపు విన్నాను. ఈల లేదు, ఊపిరి ఒక్కటే వస్తూ పోతూ ఉంది.